పాఠం 14 : పొగమంచులో దిగుదారి

ఈ పాఠం చదివిన తరువాత మీరు

– కంటికి ఏమీ కనిపించని వాతావరణంలో విమానం ఎలా దిగుతుందో వివరించగలుగుతారు.
– 2017లో బిష్కెక్ వద్ద జరిగిన సరుకు విమాన ప్రమాదానికి దారితీసిన కారణాలను వరుసగా చెప్పగలుగుతారు.
– ఒక ప్రమాదానికి 'కారణం' ఏది, 'పరిస్థితి' ఏది అని వేరుచేసి రాయగలుగుతారు.

14.1 పరిచయం

సాక్చిలో ఉంటున్నవారికి డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయాలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. సి షిఫ్టు ముగించుకొని గేటు దాటి బయటకు వచ్చేసరికి ఎదురుగా వస్తున్న ఆటో దీపాలు కనిపిస్తాయి గాని ఆటో కనిపించదు. గోల్ చక్కర్ దగ్గర సైకిలు దిగి, నడిపించుకొంటూ పోయేవారు ఉంటారు. అలా దిగి నడవడం తెలివైన పనే. దారి కనిపించనప్పుడు వేగం తగ్గించుకోవడం, అవసరమైతే ఆగిపోవడం మనందరికీ తెలిసిన ఉపాయం.

ఊరికి పడమట సోనారిలో, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహానికి సమీపంలో ఒక విమానాశ్రయం ఉంది. టాటా స్టీలు సంస్థకు చెందిన ఈ విమానాశ్రయంలో చిన్న విమానాలే దిగుతాయి. నదుల ఒడ్డున మంచు మరీ దట్టంగా పట్టిన ఉదయం అక్కడ దిగవలసిన విమానం ఏం చేస్తుంది? సైకిలు మీద వెళ్లేవాడిలా అది ఆగలేదు. ఒక స్థాయి కంటే వేగం తగ్గితే గాలిలో నిలవలేదు. పైలట్ ముందు ఉన్నవి రెండే దారులు: యంత్రాల సాయంతో దిగడం, లేదా దిగకుండా తిరిగి పైకి లేచిపోవడం. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో నిర్ణయించడానికి దొరికే సమయం కొన్ని క్షణాలు మాత్రమే. ఆ కొన్ని క్షణాల గురించే ఈ పాఠం.

విమాన ప్రమాదం అనగానే తెలుగువారికి 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవుల్లో జరిగిన హెలికాప్టర్ ప్రమాదం గుర్తుకు వస్తుంది. అది ప్రయాణం మధ్యలో జరిగినది. దిగే సమయంలో జరిగినది కాదు. కాబట్టి దాన్ని ఇక్కడ చర్చించడం లేదు.

14.2 కనిపించని మెట్లు

పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే పక్కనా, చివరా రేడియో యంత్రాలు అమర్చి ఉంటాయి. వాటిలో ఒకటి విమానం రన్‌వేకు సరిగ్గా ఎదురుగా వస్తోందా, ఎడమకో కుడికో జరిగిందా అన్నది తెలుపుతుంది. రెండవది ఎత్తుకు సంబంధించినది. అది నేల నుంచి ఆకాశంలోకి వాలుగా ఒక రేడియో కిరణాన్ని పంపుతుంది. మేడ మీది నుంచి కిందికి వేసిన నిచ్చెన లాంటిదనుకోండి. ఆ కిరణం వెంబడి దిగితే విమానం రన్‌వే మొదట్లో, దిగవలసిన చోటనే నేలను తాకుతుంది. దీనినే మనం ఈ పాఠంలో 'దిగుదారి' అని పిలుద్దాం.

సాధారణంగా దిగుదారి వాలు 3 డిగ్రీలు. వినడానికి చాలా తక్కువే. లెక్క చేస్తే, విమానం ఒక కిలోమీటరు ముందుకు సాగేసరికి సుమారు 52 మీటర్లు కిందికి దిగుతుంది. అంటే రన్‌వేకు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న విమానం 520 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఈ లెక్కను గుర్తుంచుకోండి, కొంతసేపటిలో మళ్లీ అవసరమవుతుంది.

పొగమంచులో కూడా విమానాన్ని ఈ దారి వెంట ఆటోపైలట్ దించగలదు. అయితే చివరి వరకు యంత్రాన్నే నమ్మమని నియమం చెప్పదు. 'నిర్ణయపు ఎత్తు' అని ఒకటి ఉంటుంది. రెండవ శ్రేణి పరికరాలు ఉన్నచోట అది 100 అడుగులు, అంటే సుమారు 30 మీటర్లు కావచ్చు. అక్కడికి వచ్చేసరికి రన్‌వే దీపాలు పైలట్ కంటికి కనిపించాలి. కనిపించకపోతే ఇంకొక్క క్షణం చూద్దామని ఆగకూడదు. ఇంజన్ల శక్తి పెంచి పైకి లేచిపోవాలి. దీనిని 'గో అరౌండ్' అంటారు. విమానం మళ్లీ చుట్టు తిరిగి వచ్చి ప్రయత్నిస్తుంది, లేదా వేరే ఊరికి పోతుంది. ఇంధనం ఖర్చవుతుంది, ఆలస్యమవుతుంది. కాని ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

పెద్ద జెట్ విమానం దిగేటప్పుడు సెకనుకు సుమారు 75 మీటర్ల వేగంతో వస్తుంది. చూపు 300 మీటర్ల దూరం వరకే ఆనుతున్నదంటే, పైలట్‌కు కనిపించిన వస్తువు నాలుగు సెకన్లలో అతని కాళ్ల కిందికి వచ్చేస్తుంది.

పాఠంలోని ప్రశ్నలు – 1

అ) 3 డిగ్రీల దిగుదారిలో ఉన్న విమానం రన్‌వేకు 4 కిలోమీటర్ల దూరంలో ఎంత ఎత్తులో ఉండాలి?
ఆ) నిర్ణయపు ఎత్తులో దీపాలు కనిపించకపోతే పైలట్ ఏం చేయాలి?

14.3 బిష్కెక్, 2017 జనవరి 16

మధ్య ఆసియాలోని కిర్గిజ్‌స్తాన్ దేశానికి రాజధాని బిష్కెక్. దానికి సమీపంలో మానాస్ విమానాశ్రయం ఉంది. అక్కడి రన్‌వే పొడవు 4200 మీటర్లు, చాలా పెద్దది. దాని చివరి నుంచి ఎంతో దూరం లేదు, డాచా-సూ అనే ఊరు. చిన్న చిన్న ఇళ్లు, పెరళ్లు, వాటి మధ్య ఇరుకు దారులు.

ఆ రోజు తెల్లవారుజామున హాంకాంగ్ నుంచి ఇస్తాంబుల్‌కు వెళుతున్న ఒక సరుకు విమానం మధ్యలో మానాస్‌లో దిగవలసి ఉంది. అది బోయింగ్ 747 రకం. టర్కిష్ ఎయిర్‌లైన్స్ తరఫున ఏసీటీ ఎయిర్‌లైన్స్ అనే సంస్థ నడుపుతున్నది. అందులో ప్రయాణికులు లేరు. ఇద్దరు పైలట్లు, మరో ఇద్దరు సిబ్బంది, మొత్తం నలుగురు. జనవరి నెల, ఉదయం ఏడు గంటలు దాటినా అక్కడ ఇంకా చీకటే. దట్టమైన పొగమంచు. రన్‌వే మీద చూపు కొన్ని వందల మీటర్లకు మించి ఆనడం లేదు. అయినా రెండవ శ్రేణి పరికరాలతో దిగడానికి నియమాలు అనుమతించే వాతావరణమే అది. అంటే ఆ ఉదయం దిగడానికి ప్రయత్నించడమే తప్పు అని చెప్పడానికి వీల్లేదు.

పొరపాటు అంతకు ముందే మొదలయింది. దిగడానికి సిద్ధమవుతున్న విమానం, పటంలో సూచించిన ఎత్తు కంటే బాగా పైన ఉంది. పైన ఉన్న విమానం దిగుదారిని పట్టుకోవాలంటే పై నుంచి కిందికి వచ్చి పట్టుకోవాలి. శిక్షణలో చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం: దిగుదారిని కింది నుంచే అందుకోవాలి. ఎందుకో వచ్చే భాగంలో చూస్తాం.

ఆటోపైలట్ ఒక కిరణాన్ని పట్టుకొంది. 'దిగుదారి దొరికింది' అని పైలట్ల ముందున్న తెర మీద కనిపించింది. విమానం దిగడం మొదలుపెట్టింది. కాని అది అసలు కిరణం కాదు. పట్టుకొన్న కొద్దిసేపటికే సంకేతం చెదిరిపోయింది. అలా చెదిరినప్పుడు కొంతసేపు తన అంచనాతో 3 డిగ్రీల వాలులో దిగుతూ పోయేలా ఆ యంత్రం తయారై ఉంది. అది అలాగే చేసింది. తెర మీద హెచ్చరిక గుర్తు వచ్చింది. దిగుదారి తప్పావని యంత్రం గొంతుతో పలుమార్లు హెచ్చరించింది కూడా. విమానం వాలు సరిగ్గానే ఉంది, రన్‌వేకు ఎదురుగానే ఉంది. ఎత్తు ఒక్కటే తప్పు. అసలు నిచ్చెనకు సమాంతరంగా, దానికి ఎంతో పైన ఊహించుకొన్న నిచ్చెన మీద అది మెట్లు దిగుతోంది.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. రన్‌వే మొదట్లో నేలను తాకవలసిన విమానం దాని చివర దాటిన తరువాత తాకింది. అంటే నాలుగు కిలోమీటర్లకు పైగా ముందుకు పోయింది. కిలోమీటరుకు 52 మీటర్ల చొప్పున, విమానం ఉండవలసిన ఎత్తు కంటే రెండు వందల మీటర్లకు పైబడి ఎక్కువ ఎత్తులో ఉన్నదన్నమాట. సెకనుకు 75 మీటర్ల వేగంతో 4200 మీటర్ల రన్‌వేను దాటడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం పాటు విమానం తాను వెతుకుతున్న రన్‌వే మీదుగానే, దాన్ని చూడకుండా ఎగిరింది.

నిర్ణయపు ఎత్తు వచ్చింది. దీపాలు లేవు. ఉండవు, రన్‌వే వెనకబడిపోయింది. కెప్టెన్ గో అరౌండ్ మీట నొక్కేసరికి విమానం నేలకు సుమారు 18 మీటర్ల ఎత్తులో ఉంది. బరువైన విమానం దిగుతున్న ఊపు ఆపుకొని పైకి లేవడానికి ఆ ఎత్తు చాలలేదు. నాలుగు సెకన్లు గడవక ముందే, రన్‌వే చివరి నుంచి సుమారు 930 మీటర్ల అవతల అది నేలను తాకి, డాచా-సూ ఇళ్ల మధ్యకు దూసుకుపోయింది.

విమానంలోని నలుగురూ మరణించారు. ఊరిలో 35 మంది మరణించారు. వారిలో చిన్నపిల్లలు ఉన్నారు. ఆ వేళకు ఎక్కువమంది ఇళ్లలోనే ఉన్నారు. కొందరు నిద్ర లేవనేలేదు. విమానం ఎక్కిన వారికి ఏదో ఒక మూల ఈ భయం ఉంటుంది. ఇంట్లో పడుకొన్నవారికి ఆ భయం కూడా ఉండదు. ఈ ప్రమాదం గురించి రాసే చోట సాధారణంగా విమానం రకం, సంస్థ పేరు ముందు వస్తాయి, ఊరి పేరు చివర వస్తుంది. మరణించిన 39 మందిలో 35 మంది ఆ ఊరివారే కాబట్టి మీరు జవాబు రాసేటప్పుడు డాచా-సూ పేరు తప్పక రాయండి.

పాఠంలోని ప్రశ్నలు – 2

అ) విమానం రన్‌వేకు ఎదురుగానే ఉన్నా ఎందుకు దానిపై దిగలేకపోయింది?
ఆ) 'ఊహించుకొన్న నిచ్చెన' అంటే ఇక్కడ అర్థం ఏమిటి?

14.4 రెండో కిరణం ఎక్కడిది?

రేడియో యంత్రం పంపేది ఒకటే కిరణం కదా, అబద్ధపు కిరణం ఎక్కడి నుంచి వచ్చింది అనే సందేహం మీకు రావాలి. రాకపోతే ఒకసారి వెనక్కి వెళ్లి చదవండి.

చెరువులో పక్కపక్కన రెండు రాళ్లు వేసి చూడండి. రెండు రాళ్ల నుంచి వలయాలు వ్యాపిస్తాయి. అవి కలిసిన చోట కొన్ని దిక్కుల్లో అలలు పెద్దవవుతాయి, మరికొన్ని దిక్కుల్లో నీరు దాదాపు కదలకుండా ఉంటుంది. ఈ అమరిక ఒక్క దిక్కులోనే ఏర్పడదు, విసనకర్ర పుల్లల్లా మళ్లీ మళ్లీ వస్తుంది. దిగుదారి యంత్రం విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. యాంటెన్నా నుంచి నేరుగా వచ్చిన తరంగాలు, నేల మీద పడి పరావర్తనం చెందిన తరంగాలు కలిసి ఆకాశంలో 3 డిగ్రీల వద్ద దారిని ఏర్పరుస్తాయి. అదే కలయిక వల్ల దానికి మూడు రెట్లు, అంటే 9 డిగ్రీల వద్ద కూడా దారి వంటిదే మరొకటి ఏర్పడుతుంది. మధ్యలో 6 డిగ్రీల వద్ద ఏర్పడేది తలకిందుల సంకేతాన్ని ఇస్తుంది. ఇది యంత్రంలోని లోపం కాదు, తరంగాల స్వభావం. తీసివేయడానికి వీలుకానిది.

కింది నుంచి వచ్చే విమానానికి మొదట తగిలేది 3 డిగ్రీల అసలు దారి. పై నుంచి వచ్చే విమానానికి మొదట తగిలేది అబద్ధపు దారి. దిగుదారిని కింది నుంచే అందుకోవాలన్న నియమం వెనక ఉన్న కారణం ఇంతే. బిష్కెక్‌కు వచ్చిన విమానం 9 డిగ్రీల కిరణాన్ని పట్టుకొంది.

14.5 కారణమా, పరిస్థితా?

ఈ ప్రమాదంపై మాస్కోలోని అంతర్రాజ్య విమానయాన కమిటీ దర్యాప్తు జరిపింది. తుది నివేదిక 2020లో వెలువడింది. దిగుదారితో పోల్చి తమ విమానం ఎక్కడ ఉన్నదో సిబ్బంది గమనించుకోకపోవడం, దారి బాగా తప్పినప్పటికీ సకాలంలో గో అరౌండ్ చేయకపోవడం ప్రమాదానికి కారణమని అది తేల్చింది. విమానాశ్రయపు పటాలను ముందుగా సరిగా చూసుకోకపోవడం, శిక్షణలో లోటు వంటివి అందుకు తోడయ్యాయి.

గమనించండి, 'పొగమంచు' అన్న మాట కారణాల్లో మొదటిది కాదు. ఇక్కడ ఒక భాషా విషయం ఉంది. 'విమానం పొగమంచులో కూలింది' అన్న వాక్యం నిజం. 'విమానం పొగమంచు వల్ల కూలింది' అన్న వాక్యం సగం నిజం. 'లో' అనే ప్రత్యయం పరిస్థితిని చెబుతుంది. 'వల్ల' అనేది కారణాన్ని చెబుతుంది. వార్తలు రాసేవారు, మాట్లాడేవారు ఈ రెండింటిని తరచు కలిపేస్తారు. పొగమంచు వల్ల అన్నామంటే ఇక ఎవరూ ఏమీ చేయగలిగేది లేదన్నట్లు అవుతుంది.

పొగమంచు చేసిన పని మరొకటి. మామూలు ఉదయమయితే పైలట్లు కిటికీలోంచి చూసి, తాము ఎంత పైన ఉన్నారో వెంటనే గ్రహించి ఉండేవారు. ఆ అవకాశాన్ని పొగమంచు తీసివేసింది. మిగిలినవి యంత్రపు సూచికలు. రన్‌వే నుంచి దూరం ఎంత, ఎత్తు ఎంత అన్న రెండు అంకెలను పోల్చుకొంటే చాలు. మీరు ఇంతకు ముందు చేసిన లెక్కే అది.

మన దేశంలో కూడా ఇటువంటిది జరిగింది, అయితే అది సరుకు విమానం కాదు. 1988 అక్టోబరు 19 ఉదయం బొంబాయి నుంచి అహ్మదాబాదుకు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737, మసక వాతావరణంలో రన్‌వేకు చాలా ముందుగానే చెట్లను, విద్యుత్ స్తంభాన్ని తాకి కూలిపోయింది. విమానంలోని 135 మందిలో ఇద్దరే మిగిలారు. ఇద్దరు పైలట్లూ రన్‌వే కోసం బయటికి చూడటంలో మునిగిపోయి, ఎత్తు గమనించుకోకుండా నిర్ణీత స్థాయి కంటే కిందికి దిగిపోయారు. బిష్కెక్‌లో విమానం ఎక్కువ ఎత్తులో ఉంది, అహ్మదాబాదులో తక్కువ ఎత్తులో ఉంది. రెండు చోట్లా ఎత్తును చూస్తూ ఉండవలసిన కళ్లు వేరే చోట ఉన్నాయి. ఇద్దరు పైలట్లు ఉండటం ఒకరు నడపడానికి, మరొకరు సూచికలు చూసి గట్టిగా చదివి చెప్పడానికి. ఇద్దరూ ఒకే పని చేస్తే విమానంలో ఒక పైలట్ ఉన్నట్టే.

ఒక మాటను మరొకటిగా వినడం వల్ల కూలిన సరుకు విమానం కూడా ఉంది. 1989 ఫిబ్రవరి 19న సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు వస్తున్న ఫ్లయింగ్ టైగర్ సంస్థ 747 విమానానికి, 2400 అడుగులకు దిగమని కంట్రోలర్ ఆంగ్లంలో చెప్పాడు: 'టూ ఫోర్ జీరో జీరో'. ఆ భాషలో రెండు అనే అంకెకూ, 'కు' అనే విభక్తికీ ఉచ్చారణ ఒకటే. పైలట్ దానిని '400కు' అని విని, 'ఫోర్ జీరో జీరో' అని బదులిచ్చాడు. ఆ తేడాను కంట్రోలర్ పట్టుకోలేదు. నేల దగ్గర పడుతోందని యంత్రం హెచ్చరించినా ఫలితం లేకపోయింది. విమానం కొండను ఢీకొని నలుగురు సిబ్బందీ మరణించారు. తెలుగులో ఆ చిక్కు రాదు, '2400కు', '400కు' అన్నవి చెవికి స్పష్టంగా వేరు. ఇప్పుడు ఇటువంటి ఎత్తులను వేలు, వందలు విడదీసి పలకాలన్నది అంతర్జాతీయ నియమం.

సరుకు విమానాల విషయంలో మరొకటి చెప్పుకోవాలి. ఇవి ఎక్కువగా రాత్రివేళ తిరుగుతాయి. పగలు దుకాణంలో అమ్మవలసిన వస్తువు రాత్రి ప్రయాణం చేయాలి మరి. 2013 ఆగస్టు 14న అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో, తెల్లవారకముందే దిగబోయిన యూపీఎస్ సంస్థ ఎయిర్‌బస్ విమానం రన్‌వేకు ముందే కూలి ఇద్దరు పైలట్లూ మరణించారు. మేఘాలు వారికి చెప్పిన దానికంటే చాలా కిందికి కమ్ముకొని ఉన్నాయి. కంప్యూటరును దిగుదారికి సరిగా సిద్ధం చేయలేదు. సహపైలట్ అలసటలో ఉన్నారు. ఆ తరువాత 2014 జనవరిలో అక్కడ పైలట్ల విశ్రాంతికి కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. అవి ప్రయాణికుల విమానాల పైలట్లకే తప్పనిసరి, సరుకు విమానాలకు కాదు. సరుకు విమానం కింద కూడా ఊళ్లు ఉంటాయని డాచా-సూ తరువాతనైనా ఆలోచించవలసింది. సి షిఫ్టులో తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటల మధ్య మీ కళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అప్పుడు తూకం ముల్లు ఒక గీత అటు ఇటు ఉంటే సరిపోయిందిలే అనిపిస్తుంది.

గో అరౌండ్ ఎందుకు ఆలస్యమవుతుంది? దీపాలు ఇప్పుడే కనిపిస్తాయన్న ఆశ ఒకటి. ఇంత దూరం వచ్చాక వెనక్కి పోవడమేమిటన్న మొండితనం ఒకటి. పక్కన ఉన్నవాడు పెద్దవాడు, ఆయనకు తెలియదా అన్న మొహమాటం మరొకటి. మూడవది మన పని చోట్ల కూడా కనిపిస్తుంది. క్రేను కింద గొలుసు సరిగా పడలేదని ఖలాసీకి కనిపిస్తుంది. ఫోర్‌మన్ చెయ్యి ఊపేశాడు కాబట్టి ఊరుకొంటాడు. అందుకే అనేక విమాన సంస్థల్లో 'గో అరౌండ్' అని ఇద్దరిలో ఎవరు అన్నా, కెప్టెన్ అయినా సహపైలట్ అయినా, వాదన లేకుండా పైకి లేవాలనే నియమం పెట్టారు. ఎందుకు అన్న చర్చ పైకి వెళ్లిన తరువాత.

14.6 కొత్త మాటలు

దిగుదారి: విమానం నేలకు దిగవలసిన వాలు మార్గం. సమాంతరం: ఎక్కడా కలవకుండా పక్కపక్కన సాగేది. పరావర్తనం: తగిలి తిరిగి రావడం, అద్దం మీద వెలుతురు పడి తిరిగి వచ్చినట్లు. సూచిక: కొలతను చూపే ముల్లు లేదా అంకె. మొహమాటం: ఎదుటివారు ఏమనుకొంటారోనని చెప్పవలసినది చెప్పలేకపోవడం.

14.7 పాఠాంత ప్రశ్నలు

1. దిగుదారిని కింది నుంచే ఎందుకు అందుకోవాలి? చెరువులో రాళ్ల ఉదాహరణతో అయిదారు వాక్యాల్లో రాయండి.

2. బిష్కెక్, అహ్మదాబాదు ప్రమాదాల మధ్య పోలికను, తేడాను రాయండి.

3. కింది వాక్యాలలో 'లో', 'వల్ల' లలో సరైనదానిని ఉంచండి: (క) బస్సు వాన___ బోల్తా పడింది, బ్రేకులు పనిచేయకపోవడం___ బోల్తా పడింది. (గ) చీకటి___ మెట్లు దిగుతుండగా, మెట్టు విరిగి ఉండటం___ అతను పడ్డాడు.

4. మీ పని చోట ఒక పనిని ఆపమని చెప్పే అధికారం ఎవరికి ఉంది? అందరికీ ఉండాలా? మీ అభిప్రాయాన్ని ఒక పేజీకి మించకుండా రాసి, తరగతికి వచ్చినప్పుడు తోటివారికి చదివి వినిపించండి.

జవాబులు

పాఠంలోని ప్రశ్నలు – 1: అ) సుమారు 208 మీటర్లు. ఆ) వెంటనే గో అరౌండ్ చేయాలి.

పాఠంలోని ప్రశ్నలు – 2: అ) ఎత్తు చాలా ఎక్కువగా ఉండటం వల్ల రన్‌వే అంతా దాటిన తరువాత గాని నేలకు రాలేదు. ఆ) సంకేతం చెదిరిన తరువాత ఆటోపైలట్ తన అంచనాతో అనుసరించిన 3 డిగ్రీల వాలు.

పాఠాంత ప్రశ్న 3: (క) లో, వల్ల. (గ) లో, వల్ల. మిగిలిన ప్రశ్నలకు జవాబులు సొంత మాటల్లో రాయాలి.